రగ్బీ లీగ్‌లో ఆఖరి స్థానం: ఎన్‌ఆర్‌ఎల్ ‘వుడెన్ స్పూన్’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సిడ్నీ పశ్చిమ శివార్లలోని పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్వర్త్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు బడిలో తోటివారిని చూసి ఏదో ఒక రగ్బీ లీగ్ జట్టు పక్షాన చేరిపోతారు. ఆ జట్టు గెలుస్తున్నంత కాలం ఇంట్లో పెద్దలకు సందేహాలేవీ రావు. అది పట్టికలో అట్టడుగుకు జారిపోయినప్పుడే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. జట్టును లీగ్ నుంచి తీసేస్తారా, ఆఖరి జట్టుకు అంటగట్టే ఆ ‘వుడెన్ స్పూన్’ (చెక్క గరిటె) గొడవేమిటి, మళ్లీ కోలుకుంటారా అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఆఖరి స్థానాన్ని ఎగతాళికి మాత్రమే పనికొచ్చే విషయంగా చూడటం సరికాదు. ఒక క్లబ్బు ఎలా నడిచిందో పట్టికలోని పై వరుసలకంటే కింది వరుసే చాలాసార్లు స్పష్టంగా చూపిస్తుంది.

ఇక్కడ చెబుతున్నది ఏ పోటీ గురించి?

జట్టుకు 13 మంది చొప్పున ఆడే రగ్బీ లీగ్‌లో ప్రపంచంలోకెల్లా బలమైన క్లబ్ పోటీగా పేరున్న నేషనల్ రగ్బీ లీగ్, అంటే ఎన్‌ఆర్‌ఎల్ గురించి. ఇది 1908లో సిడ్నీలో తొమ్మిది జట్లతో మొదలైంది. మధ్యలో పేర్లు, నిర్వాహకులు మారినా 1998 నుంచి ఇప్పటి పేరుతో సాగుతోంది. 2023లో డాల్ఫిన్స్ చేరడంతో జట్ల సంఖ్య 17కు పెరిగింది. వాటిలో 16 ఆస్ట్రేలియావి, ఒకటి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌ది. పదిహేను మందితో ఆడే రగ్బీ యూనియన్ వేరే ఆట, దాని నియమాలూ పోటీలూ వేరు.

ఆఖరి స్థానాన్ని ఎలా నిర్ణయిస్తారు?

గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే చెరొక పాయింటు ఇస్తారు. జట్ల సంఖ్య బేసి కాబట్టి ప్రతి రౌండ్‌లోనూ కనీసం ఒక జట్టుకు ఆట ఉండదు. ఆ విరామాన్ని ‘బై’ అంటారు, దానికి కూడా 2 పాయింట్లు వస్తాయి. 27 రౌండ్ల సీజన్‌లో ఒక్కో జట్టు 24 మ్యాచ్‌లు ఆడి మూడు బైలు తీసుకుంటుంది కాబట్టి, ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టుకైనా ఆరు పాయింట్లు ఖాయం. ఆస్ట్రేలియా పత్రికల పట్టికలను మొదటిసారి చూసేవారు తికమక పడేది ఇక్కడే. 2023లో నాలుగు మ్యాచ్‌లే గెలిచిన వెస్ట్స్ టైగర్స్ ఖాతాలో 8 కాక 14 పాయింట్లు కనిపించడానికి కారణం ఈ మూడు బైలే.

పాయింట్లు సమానమైతే సాధించిన స్కోరుకూ ఇచ్చుకున్న స్కోరుకూ మధ్య తేడా లెక్కలోకి వస్తుంది. ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ చేసే పనిని ఇక్కడ ఈ తేడా చేస్తుంది. మరో సంగతి కూడా గమనించాలి. 16 మంది ప్రత్యర్థులతో 24 మ్యాచ్‌లు కాబట్టి ప్రతి జట్టు ఎనిమిదింటితో రెండేసి సార్లు, మిగిలిన ఎనిమిదింటితో ఒక్కొక్కసారి మాత్రమే తలపడుతుంది. ఎవరితో రెండుసార్లు ఆడవలసి వచ్చిందన్నది కూడా అట్టడుగు లెక్కను మార్చగలదు. ఒకటి రెండు విజయాల తేడాతో ఆఖరి స్థానంలోకి వెళ్లిన జట్టును అంచనా కట్టేటప్పుడు ఈ అసమానతను మరచిపోవడం న్యాయం కాదు.

‘వుడెన్ స్పూన్’ అనే పేరు ఎక్కడి నుంచి వచ్చింది? నిజంగా గరిటె ఇస్తారా?

ఈ పేరుకు మూలం ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం. అక్కడ గణితశాస్త్ర పట్టా పరీక్షలో ఆనర్స్‌తో ఉత్తీర్ణులైనవారిలో అందరికంటే తక్కువ మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి తోటి విద్యార్థులు పెద్ద చెక్క గరిటె బహూకరించేవారు. 1909 తర్వాత ఫలితాలను ర్యాంకుల క్రమంలో కాక అక్షర క్రమంలో ప్రకటించడం మొదలైంది. ఆఖరివాడెవరో తెలిసే వీలు పోవడంతో ఆ ఆచారమూ ఆగిపోయింది. అప్పటికే ఆ మాట క్రీడా మైదానాలకు పాకింది.

ఎన్‌ఆర్‌ఎల్‌లో అలాంటి వస్తువు ఏదీ అధికారికంగా ఇవ్వరు. లీగ్ దశలో అగ్రస్థానానికి జె.జె. గిల్టినన్ షీల్డ్, గ్రాండ్ ఫైనల్ విజేతకు ప్రొవాన్-సమ్మన్స్ ట్రోఫీ ఉన్నాయి. ఆఖరి స్థానానికి ఉన్నది పేరు మాత్రమే. సీజన్ చివరి వారాల్లో స్టాండ్లలో చెక్క గరిటెలు కనిపిస్తే అవి ప్రత్యర్థి అభిమానులు వంటింటి నుంచి తెచ్చుకున్నవే.

ఆఖరి స్థానంలో నిలిచిన జట్టును కింది డివిజన్‌కు పంపిస్తారా?

పంపించరు. ఎన్‌ఆర్‌ఎల్ లైసెన్సులతో నడిచే మూసిన లీగ్. ఆఖరి స్థానం వచ్చినంత మాత్రాన ఏ క్లబ్బూ తన చోటు కోల్పోదు. చరిత్రలో క్లబ్బులు కనుమరుగైన సందర్భాలు ఉన్నాయి కానీ, వాటికి అప్పులు, విలీనాలు, లీగ్ పునర్వ్యవస్థీకరణ వంటి కారణాలే ఎక్కువ. 1908లో తొలి ఆఖరి స్థానం పొందిన కంబర్లాండ్ ఆలస్యంగా చేరి, ఎనిమిది మ్యాచ్‌లాడి, ఒక్కటి గెలిచి, ఆ ఒక్క సీజన్‌తోనే తెరమరుగైంది. సిడ్నీ విశ్వవిద్యాలయ విద్యార్థుల జట్టు ‘యూనివర్సిటీ’ ఎన్నోసార్లు అట్టడుగున ముగిసినా 1920 నుంచి 1937 దాకా ఆడుతూనే ఉంది.

ఆఖరి జట్టుకు మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం ఇస్తారా?

ఇవ్వరు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ లీగ్‌లో అట్టడుగు జట్టుకు యువ ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో, మొదటి అవకాశం దక్కే పద్ధతి ఉంది. దాన్ని చూసినవారు రగ్బీ లీగ్‌లోనూ అలాగే ఉంటుందని అనుకుంటారు. నిజానికి ఇక్కడా ఒకసారి ప్రయత్నించారు. అప్పటి నిర్వాహక సంస్థ న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్ 1991 సీజన్‌కు డ్రాఫ్ట్ ప్రవేశపెట్టింది. టెర్రీ హిల్ అనే యువ ఆటగాడు వెస్టర్న్ సబర్బ్స్‌కు ఆడాలని కోరుకుంటే డ్రాఫ్ట్ అతణ్ని ఈస్టర్న్ సబర్బ్స్‌కు కేటాయించింది. ఆటగాళ్లు కోర్టుకెక్కారు. పని చేసే చోటును ఎంచుకునే స్వేచ్ఛకు ఇది అన్యాయమైన అడ్డంకి అని ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ అదే ఏడాది తీర్పు చెప్పడంతో డ్రాఫ్ట్ రద్దయింది.

ఆ తీర్పు ప్రభావం ఇప్పటికీ అట్టడుగు జట్ల మీద ఉంది. అన్ని జట్లకూ ఒకే వేతన పరిమితి ఉంటుంది కాబట్టి ఆఖరి జట్టు దగ్గరా విజేత దగ్గరా ఖర్చుపెట్టడానికి ఉన్న డబ్బు ఒకటే. అయితే ఒకే జీతం రెండు చోట్ల వస్తుందంటే మంచి ఆటగాడు గెలిచే జట్టునే ఎంచుకుంటాడు. అందువల్ల ఓడే జట్టు అదే ఆటగాడికి ఎక్కువ మొత్తమో, ఎక్కువ ఏళ్ల ఒప్పందమో ఇవ్వవలసి వస్తుంది. అలా ఒకరిద్దరికి ఎక్కువ పెట్టేసరికి మిగిలిన స్థానాలకు పరిమితిలో చోటు తగ్గుతుంది. వరుసగా రెండు మూడేళ్లు ఆఖరి స్థానంలో ఉండిపోయే జట్ల కథల్లో ఈ చిక్కుముడి దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది.

అయితే కావాలని ఓడిపోయే జట్లు ఉంటాయా?

ఓడితే వచ్చే లాభమేదీ లేదు కాబట్టి ఆ ఆలోచనకే తావు లేదు. పైగా ఆఖరి స్థానం కోచ్ ఉద్యోగానికీ ఆటగాళ్ల కొత్త ఒప్పందాలకూ నేరుగా ముప్పు తెస్తుంది.

అందరికంటే ఎక్కువసార్లు ఆఖరి స్థానంలో నిలిచింది ఎవరు? ఎప్పుడూ ఆ గతి పట్టనివారు ఉన్నారా?

వెస్టర్న్ సబర్బ్స్ మ్యాగ్‌పైస్ 17 సార్లు ఆఖరి స్థానంలో ముగిసింది. చివరి రెండు సార్లు 1998, 1999 సీజన్లవి. ఆ వెంటనే అది బాల్మైన్‌తో విలీనమై వెస్ట్స్ టైగర్స్‌గా మారింది. ప్రస్తుత క్లబ్బుల్లో పారమట్టా ఈల్స్ చరిత్ర బరువైనది. 1947లో లీగ్‌లో చేరిన ఈ జట్టు 1956 నుంచి 1961 వరకు వరుసగా ఆరేళ్లు అట్టడుగునే ఉండిపోయింది. ఇంత సుదీర్ఘ పరంపర మరే జట్టుకూ లేదు. అవే ఆరేళ్లలో సెయింట్ జార్జ్ జట్టు 11 వరుస టైటిళ్ల ప్రస్థానంలో మొదటి ఆరింటిని గెలుచుకుంది. అంటే ఆరేళ్ల పాటు విజేత పేరూ ఆఖరి జట్టు పేరూ మారలేదు. ఆ తర్వాత పారమట్టా చేసిన పని తెలివైనది. సెయింట్ జార్జ్‌కు సారథిగా, కోచ్‌గా వ్యవహరించిన కెన్ కియర్నీని 1962లో తెచ్చుకుంది, ఆ ఏడాదే తొలిసారి ఫైనల్స్‌కు, అంటే లీగ్ దశ ముగిశాక పై స్థానాల జట్లు మాత్రమే ఆడే దశకు చేరింది.

ఎప్పుడూ ఆఖరి స్థానంలో నిలవనివారిలో ముందు చెప్పుకోవలసింది మ్యాన్లీ. పారమట్టాతో పాటు 1947లోనే లీగ్‌లో చేరి, ఇన్ని దశాబ్దాల్లో ఒక్కసారి కూడా అట్టడుగున ముగియలేదు. 1995లో వచ్చిన న్యూజిలాండ్ వారియర్స్‌కు, 1999లో మొదలైన సెయింట్ జార్జ్ ఇల్లవారాకు కూడా ఆ మచ్చ లేదు.

ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్లు ఉన్నాయా?

ఉన్నాయి. 1918, 1920 సీజన్లలో అన్నన్‌డేల్, 1946లో సౌత్ సిడ్నీ, 1966లో ఈస్టర్న్ సబర్బ్స్ ఒక్క విజయమూ లేకుండా ముగిశాయి. సౌత్ సిడ్నీ 1908లో తొలి టైటిల్ గెలిచిన జట్టు, చరిత్రలో అత్యధిక టైటిళ్లు ఉన్న జట్టు కూడా. ఈస్టర్న్ సబర్బ్స్ అంటే ఇప్పటి సిడ్నీ రూస్టర్స్. 1966లో అది ఆడిన 18 మ్యాచ్‌లూ ఓడింది. మరుసటి ఏడాది జాక్ గిబ్సన్ కోచ్‌గా వచ్చి అదే జట్టును ఫైనల్స్‌కు చేర్చాడు. తర్వాతి కాలంలో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో అత్యంత గౌరవం పొందిన కోచ్‌లలో ఒకడైన గిబ్సన్ వృత్తి జీవితం ఒక అట్టడుగు జట్టును లేపడంతోనే ఊపందుకుంది. 1966 తర్వాత ఇంతవరకూ ఏ జట్టూ పూర్తి సీజన్ ఖాళీ చేతులతో ముగించలేదు.

ఆ పరిస్థితికి బాగా దగ్గరగా వచ్చింది 2016 నాటి న్యూకాసిల్ నైట్స్. 24 మ్యాచ్‌లలో ఒక గెలుపు, ఒక డ్రా, 22 ఓటములు, వాటిలో చివరి 19 వరుసగా వచ్చినవి. వరుస ఓటముల రికార్డు మాత్రం యూనివర్సిటీ జట్టుదే, 1934 నుంచి 1936 వరకు 42 మ్యాచ్‌లు. ఆ విద్యార్థుల జట్టే 1926లో ఫైనల్ దాకా వెళ్లి సౌత్ సిడ్నీ చేతిలో ఓడిందని తెలిస్తే, కేవలం ఓటముల లెక్కతో వారిని గుర్తుపెట్టుకోవడం ఎంత అసంపూర్ణమో అర్థమవుతుంది.

వెస్ట్స్ టైగర్స్ వరుసగా మూడేళ్లు ఎందుకు ఆఖరి స్థానంలో నిలిచింది?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. 2000లో ఆట మొదలుపెట్టిన టైగర్స్ 2005లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌ను 30-16తో ఓడించి టైటిల్ గెలిచింది. ఆ ఫైనల్‌లో ప్రత్యర్థులను తప్పించుకుంటూ పరుగెత్తి, బంతిని వెనక్కి విసిరి ప్యాట్ రిచర్డ్స్ చేత ట్రై (గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించి సాధించే స్కోరు) చేయించిన బెంజీ మార్షల్ దృశ్యాన్ని ఆస్ట్రేలియా టీవీలు ఇప్పటికీ చూపిస్తుంటాయి. 2011 తర్వాత ఆ జట్టు ఫైనల్స్ మెట్టు ఎక్కలేదు. అయినా 2022 వరకు ఆఖరి స్థానంలోకి మాత్రం జారలేదు.

2022 జూన్‌లో కోచ్ మైకేల్ మగ్వైర్‌ను సీజన్ మధ్యలోనే తొలగించారు. తాత్కాలిక కోచ్ బాధ్యత తీసుకున్నా ఫలితం మారలేదు. నాలుగు విజయాలతో తొలి ఆఖరి స్థానం వచ్చింది. 2023కు 2005 నాటి టైటిల్ కోచ్ టిమ్ షీన్స్‌ను మళ్లీ తెచ్చుకున్నారు. పెన్రిత్‌తో వరుస టైటిళ్లు గెలిచి వచ్చిన ఆపీ కొరోయిసౌ సారథి అయ్యాడు. మళ్లీ నాలుగే విజయాలు వచ్చాయి. సీజన్ ముగిసేసరికి షీన్స్ వెళ్లిపోయాడు. ఆ డిసెంబరులో క్లబ్బు పరిపాలనపై జరిగిన సమీక్ష తర్వాత ఛైర్మన్, ముఖ్య కార్యనిర్వహణాధికారి ఇద్దరూ వైదొలిగారు. 2024లో పగ్గాలు బెంజీ మార్షల్ చేతికి వచ్చాయి. మూడేళ్లలో నలుగురు కోచ్‌లు మారిన చోట ఆటగాళ్లకు ఒక పద్ధతి అలవాటయ్యే వ్యవధే ఉండదు. మూడు ఆఖరి స్థానాలకు నా దృష్టిలో ఇదే మూలకారణం.

సామర్థ్యం లేక ఓడలేదని చెప్పడానికి 2023 సీజన్‌నే చూడవచ్చు. ఆ ఏడాది టైగర్స్‌కు తొలి గెలుపు తొమ్మిదో రౌండ్‌లో బాథర్స్ట్‌లో దక్కింది. 12-8తో ఓడిన ప్రత్యర్థి పెన్రిత్ పాంథర్స్, ఆ ఏడాది టైటిల్ గెలిచిన జట్టు. మే 20న లైకార్ట్ ఓవల్‌లో కౌబాయ్స్‌ను 66-18తో చిత్తు చేసింది. సరిగ్గా ఆరు వారాలకు, జులై 1న టౌన్స్‌విల్‌లో అదే కౌబాయ్స్ చేతిలో 74-0తో కుప్పకూలింది.  ఈ రెండు స్కోర్లను పక్కపక్కన పెట్టి చూస్తే, అట్టడుగు జట్టుకు లోపించింది బలం కాదనీ నిలకడ అనీ ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

మూడో ఆఖరి స్థానం నిర్ణయమైన తీరు మరీ బాధాకరం. 2024 సెప్టెంబరు 6, శుక్రవారం సాయంత్రం, చివరి రౌండ్. క్యాంప్‌బెల్‌టౌన్‌లో టైగర్స్, పారమట్టా తలపడ్డాయి. రెండింటికీ అప్పటికి ఆరేసి విజయాలు, ఓడినవారికి ఆఖరి స్థానం. ఫైనల్స్‌తో ఏ సంబంధమూ లేని ఈ మ్యాచ్ చుట్టూ వారమంతా చర్చ నడిచింది. పారమట్టా 60-26తో గెలిచింది. మరుసటి ఏడాది పెన్రిత్ నుంచి జరోమ్ లువాయ్ వచ్చి చేరాడు, మార్షల్ కోచ్‌గా కొనసాగాడు, టైగర్స్ 13వ స్థానానికి ఎగబాకింది. 2025లో ఆఖరి స్థానం న్యూకాసిల్ నైట్స్‌కు దక్కింది.

బాగా ఆడిన జట్టు కూడా ఆఖరి స్థానంలో నిలవవచ్చా?

రెండుసార్లు అలా జరిగింది. రెండింటికీ కారణం వేతన పరిమితిని మోసపూరితంగా దాటడమే.

2002లో కాంటర్‌బరీ బుల్‌డాగ్స్ వరుసగా 17 మ్యాచ్‌లు గెలిచి పట్టికలో ముందు నిలిచింది. ఆగస్టులో ఉల్లంఘన బయటపడింది. 5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానాతో పాటు 37 పాయింట్ల కోత పడింది. పై వరుసలో ఉన్న పేరు ఒక్కసారిగా అట్టడుగుకు చేరింది.

2010లో మెల్‌బోర్న్ స్టార్మ్‌కు పడిన శిక్ష ఇంకా కఠినమైనది. ఐదేళ్లలో దాదాపు 17 లక్షల డాలర్లు పరిమితికి మించి చెల్లించినట్లు తేలడంతో ఏప్రిల్ 22న లీగ్ నిర్ణయం ప్రకటించింది. 2007, 2009 టైటిళ్లను, 2006 నుంచి 2008 వరకు లీగ్ దశ అగ్రస్థానాలను రద్దు చేసింది. ఆ సీజన్‌లో అప్పటికి వచ్చిన ఎనిమిది పాయింట్లు తీసేసింది. మిగిలిన సీజన్‌లో ఎన్ని గెలిచినా పాయింట్లు ఇవ్వబోమని చెప్పింది. ఆటగాళ్లు ఇంకా నాలుగు నెలలకు పైగా వారం వారం మైదానంలోకి దిగవలసి వచ్చింది. వారు 14 మ్యాచ్‌లు గెలిచారు. పట్టికలో ఆ వరుసను చూస్తే గెలిచినవి 14, ఓడినవి 10, పాయింట్లు 0. ఆట ప్రకారం చూస్తే ఆ ఏడాది నిజమైన ఆఖరి జట్టు ఐదు విజయాలతో 15వ స్థానంలో ఉన్న కౌబాయ్స్.

శిక్ష సరైనదే. నియమం పాటించిన 15 జట్లకు న్యాయం చేయాలంటే అంతకు తక్కువ సరిపోయేది కాదు. అయితే ఏ ప్రతిఫలమూ లేదని తెలిసి కూడా క్రెయిగ్ బెల్లమీ శిక్షణలో ఆ ఆటగాళ్లు 14 సార్లు గెలిచారన్న సంగతిని కూడా అంతే గౌరవంతో చెప్పుకోవాలి. రెండేళ్ల తర్వాత, 2012లో, స్టార్మ్ నిజాయతీగా టైటిల్ గెలుచుకుంది. బుల్‌డాగ్స్ కూడా 2004లో విజేతగా నిలిచింది.

ఆఖరి స్థానం నుంచి కోలుకోవడానికి ఎంత కాలం పడుతుంది?

చాలామంది అనుకునేదానికంటే తక్కువ. ఆఖరి స్థానం వచ్చిన మరుసటి ఏడాదే టైటిల్ గెలిచిన ఘనత ఒక్క వెస్టర్న్ సబర్బ్స్‌దే, 1933లో అట్టడుగు, 1934లో విజేత. ఇటీవలి కాలంలో రూస్టర్స్ దానికి ఒక్క మెట్టు దూరంలో ఆగింది. 2009లో ఆఖరి స్థానంలో ఉన్న ఆ జట్టు 2010లో గ్రాండ్ ఫైనల్ చేరి సెయింట్ జార్జ్ ఇల్లవారా చేతిలో ఓడింది.

రెండేళ్లలో లేచినవారు ఇంకా ఉన్నారు. పెన్రిత్ 2001లో ఆఖరి స్థానం, 2003లో టైటిల్. క్రనల్లా షార్క్స్ 2014లో ఆఖరి స్థానం, 2016లో మెల్‌బోర్న్‌పై 14-12తో క్లబ్బు చరిత్రలోనే తొలి టైటిల్. సౌత్ సిడ్నీ దారి పొడవైనది. 1999 తర్వాత లీగ్ నుంచి తొలగింపుకు గురై, కోర్టులో పోరాడి 2002లో తిరిగి వచ్చి, 2003, 2004, 2006లలో అట్టడుగున ముగిసింది. 2007లో ఫైనల్స్ చేరింది. 2014లో 43 ఏళ్ల నిరీక్షణ ముగించి టైటిల్ గెలిచింది.

బ్రిస్బేన్ బ్రాంకోస్ ఉదాహరణ ఇంకా తాజా. 2020లో కోవిడ్ వల్ల 20 మ్యాచ్‌లకు కుదించిన సీజన్‌లో తొలి రెండూ గెలిచిన ఆ జట్టు, లాక్‌డౌన్ తర్వాత ఆట మళ్లీ మొదలయ్యాక ఒక్కటే గెలిచింది. రూస్టర్స్ చేతిలో 59-0తో ఓడింది. క్లబ్బు చరిత్రలో అదే మొదటి ఆఖరి స్థానం. 2023లో గ్రాండ్ ఫైనల్‌లో పెన్రిత్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడి, 2025లో మెల్‌బోర్న్‌ను 26-22తో ఓడించి విజేత అయింది. ఆ విజేత జట్టు కోచ్ మైకేల్ మగ్వైర్, అంటే 2022లో టైగర్స్ తొలగించిన వ్యక్తే. 2014లో సౌత్ సిడ్నీకి టైటిల్ తెచ్చిందీ ఆయనే.

తెలుగు పాఠకులకు ఈ మలుపు కొత్త కాదు. 2008 తొలి ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్, 2009లో ఆస్ట్రేలియన్ ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో టైటిల్ గెలిచింది. 2023లో అట్టడుగున ఉన్న సన్‌రైజర్స్ హైదరాబాద్, సిడ్నీకి చెందిన ప్యాట్ కమిన్స్ సారథ్యంలో 2024 ఫైనల్ ఆడింది. వేతన పరిమితి ఉన్న లీగ్‌లలో జట్ల మధ్య అంతరం మరీ పెరగకుండా ఉంటుంది, అందుకే ఇలాంటి మలుపులకు అవకాశం ఎక్కువ.

కోచ్‌ను మార్చితే సరిపోతుందా?

1962లో కియర్నీ, 1967లో గిబ్సన్ వంటి ఉదాహరణలు చూస్తే సరిపోతుందనిపిస్తుంది. టైగర్స్ అనుభవం దానికి పూర్తిగా వ్యతిరేకం. పారమట్టా 2017లో నాలుగో స్థానంలో ఉండి 2018లో ఆఖరికి పడిపోయినప్పుడు కోచ్ బ్రాడ్ ఆర్థర్‌ను మార్చలేదు. 2019లో ఆయన జట్టు ఫైనల్స్ చేరి బ్రాంకోస్‌ను 58-0తో ఓడించింది. 2022లో గ్రాండ్ ఫైనల్ కూడా ఆడింది. మారవలసింది ఏదో గుర్తించిన క్లబ్బులు బాగుపడ్డాయి. కంగారులో అన్నీ మార్చిన క్లబ్బులు మరుసటి ఏడాది కూడా అక్కడే కనిపించాయి.

ఆఖరి స్థానాన్ని గాయాలు కూడా నిర్ణయించవచ్చు. 2005లో న్యూకాసిల్ నైట్స్, ప్రధాన ఆటగాడు ఆండ్రూ జాన్స్ గాయంతో చాలా మ్యాచ్‌లకు దూరం కావడంతో, తొలి 13 మ్యాచ్‌లు వరుసగా ఓడింది. ఆ తర్వాతి 11లో ఎనిమిది గెలిచింది. అప్పటికే ఆలస్యమైపోవడంతో ఆఖరి స్థానం తప్పలేదు. మరుసటి ఏడాది అదే జట్టు ఫైనల్స్ ఆడింది.

ఇంగ్లండ్ సూపర్ లీగ్‌లో కూడా ఇలాగే ఉంటుందా?

అక్కడి అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీ అయిన సూపర్ లీగ్‌లో చాలాకాలం ఆఖరి స్థానం అంటే కింది డివిజనే. 1999 నుంచి సూపర్ లీగ్‌లో ఉన్న వేక్‌ఫీల్డ్ ట్రినిటీ 2023లో ఆఖరి స్థానంతో దిగువకు వెళ్లింది. 2025 సీజన్ నుంచి పద్ధతి మారింది. మైదానంలోని ఫలితాలకు తోడు ప్రేక్షకుల సంఖ్య, ఆర్థిక స్థితి, స్టేడియం, స్థానిక సమాజంతో సంబంధం వంటి అంశాలకు గ్రేడింగ్ ఇచ్చి, ఆ మార్కుల ఆధారంగా ఎవరు ఆడాలో నిర్ణయించడం మొదలుపెట్టారు. వేక్‌ఫీల్డ్ 2024లో రెండో అంచె పోటీ గెలిచి, మంచి గ్రేడింగ్‌తో తిరిగి వచ్చింది. లండన్ బ్రాంకోస్‌కు మాత్రం 2024లో ఎలా ఆడినా నిలవడం కష్టమని సీజన్ మొదలుకాకముందే తేలిపోయింది. గెలుపోటములకు అంతగా విలువ లేని సీజన్‌ను ఒక జట్టు చేత ఆడించడం ఆటకు మంచిది కాదని నా అభిప్రాయం. ఆ లెక్కన, ఆఖరి స్థానంలో నిలిచినా మళ్లీ మార్చిలో అందరితో సమానంగా సున్నా నుంచి మొదలుపెట్టే ఎన్‌ఆర్‌ఎల్ పద్ధతే మేలు.

సీజన్ చివర్లో ఆఖరి స్థానం పోటీని అర్థం చేసుకోవడానికి పట్టికలో ఏం చూడాలి?

పాయింట్ల గడి కంటే ముందు గెలిచిన మ్యాచ్‌ల గడి చూడండి. తర్వాత ఎవరికి ఇంకా బై మిగిలి ఉందో చూడండి, ఎందుకంటే బై మిగిలిన జట్టు ఆడకుండానే రెండు పాయింట్లు ముందుకు వెళుతుంది. మూడోది స్కోరు తేడా. అట్టడుగు జట్లకు ఇది సాధారణంగా వందల్లో ఋణాత్మకంగా ఉంటుంది. ఇద్దరికీ పాయింట్లు సమానంగా ఉన్నప్పుడు, ఎప్పుడో మే నెలలో 50 పాయింట్ల తేడాతో ఓడిన ఒక్క మ్యాచ్ సెప్టెంబరులో ఎవరు ఆఖరు అన్నది తేల్చేయగలదు. అందుకే ఓటమి ఖాయమైన మ్యాచ్‌లో కూడా చివరి పది నిమిషాలు ప్రాణం పెట్టి ప్రత్యర్థిని అడ్డుకునే జట్టు తనకు చాలా అవసరమైన పనే చేస్తున్నట్టు లెక్క.